ఇరాన్ వచ్చిందా?

1998లో, చలి వెళ్ళిపోయి ఉక్క ఇంకా పూర్తిగా పట్టని రోజుల్లో జరిగిందిది. బహ్రెయిన్‌లో ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో జాసిం అనే ఆయన టీవీ రిపేరు షాపులో నేను మెకానిక్‌ని. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకి పూచీ ఉన్న యజమాని. మాది రాజోలు పక్కన ఒక పల్లె. నా పేరు సత్యనారాయణ. అంత పొడుగు పేరు అరబ్బుల నోట్లో ఇమడక ‘సత్తీ’ అయిపోయాను. గల్ఫులో ఏం చేసేవాడివని ఎవరైనా అడిగితే టీవీలు బాగుచేసేవాణ్ణని చెబుతాను గానీ, నిజానికి నా ఉద్యోగంలో సగం డాబాల మీదే గడిచింది.

డిష్‌లు అప్పటికి బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళ మీదే కనపడేవి. మిగతా జనానికి యాంటెనాయే గతి. అల్యూమినియం కడ్డీలతో చేప ముల్లులా ఉంటుందే, అది. బహ్రెయిన్ చిన్న ద్వీపం. చుట్టూ సముద్రం, సముద్రానికి ఆవల తలా ఒక దేశం. యాంటెనాని పడమరకి తిప్పితే సౌదీ వస్తుంది. ఆగ్నేయానికి తిప్పితే ఖతర్, వాతావరణం కలిసొస్తే దుబాయి, గురువారం సాయంత్రం ఒక హిందీ సినిమా. ఉత్తరానికి తిప్పితే ఇరాన్. ఇంత దూరం నుంచి మామూలుగా రాకూడదు. కానీ గాలి ఆడక, సముద్రం మీద తేమ పరుచుకుని ఉన్న రోజున సిగ్నల్ నీళ్ళ మీదుగా జారుకుంటూ వచ్చేస్తుంది. షమాల్ అనే ఉత్తరపు గాలి లేచిందా, అంతా మటుమాయం. తెర నిండా బియ్యం జల్లినట్టు చుక్కలే.

ఇంకో తమాషా చెప్పాలి. టీవీలో రంగులు పంపడానికి దేశదేశానికీ ఒక పద్ధతి ఉంటుంది. బహ్రెయిన్‌ది పాల్. ఇరాన్, ఇరాక్, సౌదీ ముగ్గురిదీ సీకామ్. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్ళు ఒకరి పిల్లల్ని ఒకరు చంపుకున్నారు. ఇరాక్ వెనక ఉండి డబ్బు గుమ్మరించింది సౌదీ వాళ్ళని జాసిం గారే చెప్పేవాడు. ఇలా కొట్టుకునేవాళ్ళంతా రంగుల దగ్గర మాత్రం ఒక్క మాట మీదున్నారు. షాపులో ఈ మాట అని నేను నవ్వితే, జాసిం గారు వీధివైపు చూసి “గట్టిగా అనకు సత్తీ” అనేవాడు.

ఆయన భయానికి కారణం ఉంది. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ ద్వీపంలో అల్లర్లు. ఊళ్ళలో కుర్రాళ్ళు రోడ్ల మీద టైర్లు తగలబెట్టేవాళ్ళు. గోడల మీద రాతలు, పొద్దుటికల్లా వాటి మీద సున్నం. ఇదంతా ఉత్తరం నుంచి ఇరాన్ చేయిస్తోందని ఒక మాట. కాదు, మా కష్టాలు మావి, పడమటి పెద్దాయన సౌదీ అండ చూసుకుని ఇక్కడి ప్రభుత్వం మమ్మల్ని అణుస్తోందని ఇంకో మాట. ఎవరు ఎవరి మనిషో అని అందరికీ అనుమానమే. నేను మనుషుల్ని కాదు, డాబాల్ని చూసేవాణ్ణి. యాంటెనా ఎటు తిరిగి ఉందో చూస్తే చాలు, ఆ ఇల్లు ఎవరి పక్షమో చెప్పేయొచ్చని అనుకునేవాణ్ణి. నాలాగే అనుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది.

నేను ఉండేది నయీమ్‌లో, రాజధాని మనామాలో పాత పేట. మా గదికి రెండు సందుల అవతల బీబీ జహ్రా ఇల్లు. ఆవిడ పెద్దలు ఎప్పుడో ఇరాన్ తీరం నుంచి పడవల మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. భర్త బతికున్నప్పుడు బొంబాయితో బట్టల వ్యాపారం చేసేవాడట. అందుకని ఆవిడకి హిందీ బాగా వచ్చు. నాతో హిందీలోనే మాట్లాడేది, మధ్యలో ఫార్సీ తిట్లు కలిపి. మూడంతస్తుల సన్నటి ఇల్లు. పైనంతా ఖాళీ, కింద ఆవిడ ఒక్కతే.

ఒక శుక్రవారం నన్ను పిలిపించింది.

“ఇరాన్ కావాలి నాకు. పెట్టగలవా?” అంది.

“ఎందుకమ్మా, ఈ రోజుల్లో? ఎవరైనా చూస్తే బాగోదు” అన్నాను.

ఆవిడ గోడ మీద ఫొటో చూపించింది. పద్దెనిమిదేళ్ళు కూడా నిండని కుర్రాడు, పెద్ద పెద్ద చెవులు. మనవడు మజీద్. కూతుర్ని ఆవలి ఒడ్డున బుషహర్‌లో ఇచ్చారు. ఆ కూతురు పురిట్లో పోతే పసివాణ్ణి ఈవిడే తెచ్చుకుని ఈ ఇంట్లో పెంచింది. బడి ఈడు వచ్చాక తండ్రి తీసుకుపోయాడు. పదేళ్ళ కిందట, ఇరాక్‌తో యుద్ధం ఇక ఆగుతుందనగా వాణ్ణి సరిహద్దుకి పంపారు. తిరిగి రాలేదు. శవమూ రాలేదు.

“పట్టుబడ్డవాళ్ళని ఇప్పుడు వదులుతున్నారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. రేడియోలో పేర్లు చదువుతున్నారు. వాడి పేరు చదవలేదు” అంది బీబీ. “చదవకపోతే ఏం? దొంగపేరు చెప్పుకుని బతికినవాళ్ళు ఎంతమంది లేరు! పేరు మారుతుంది. చెవులు మారవు కదా. టీవీలో చూపిస్తారట, బస్సులు దిగుతుంటే. నేను చూస్తే గుర్తుపడతాను.”

సరేనన్నాను.

యాంటెనా పని ఒక్కడి వల్ల కాదు. పైన తిప్పేవాడు ఒకడు, కింద టీవీ ముందు కూర్చుని చెప్పేవాడు ఒకడు కావాలి. నాకు శుక్రవారాల్లో తోడొచ్చేది మల్లేశం. జగిత్యాల దగ్గరి మనిషి, నా ఈడే. సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో లేబరు, అక్కడే క్యాంపులో ఉండేవాడు. బహ్రెయిన్‌లో ఉంటూ ఇంటికి ఫోను చేసినప్పుడల్లా “నేను దుబాయిల మంచిగనే ఉన్న” అంటాడు. ఇది దుబాయి కాదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పినా “అంత దుబాయే గద సత్తన్నా” అనేవాడు.

ఇక మా పద్ధతి తెలుగువాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. ఊళ్ళో దూరదర్శన్ మొదలైన రోజుల్లో ప్రతి డాబా మీదా జరిగిన భాగోతమే. పైవాడు “వచ్చిందా?” అని అరవడం, కిందవాడు “రాలేదు… వచ్చింది వచ్చింది… ఆఁ, పోయింది!” అని అరవడం. చేతిలో వాకీటాకీలు లేవు, ఉన్నా ఆ రోజుల్లో అవి పట్టుకుని డాబా ఎక్కితే నేరుగా జైలుకే. బీబీ ఇంట్లో మెట్లు మూడంతస్తులు. గొంతు చించుకుంటే తప్ప వినపడదు. పైగా మేం ఛానెల్ పేర్లు వాడం, దేశం పేరే వాడతాం. సౌదీ వచ్చిందా, ఖతర్ పోయిందా, అంతే.

ఆ మధ్యాహ్నం గాలి స్తంభించి ఉంది. నేను డాబా మీద యాంటెనా బిగించిన పైపుని ఉత్తరానికి తిప్పి అరిచాను.

“ఇరాన్ వచ్చిందా?”

“రాలే!”

“ఇప్పుడూ?”

“అచ్చింది! ఇరాన్ అచ్చింది! ఆగాగు… పోయింది!”

“ఎటు పోయింది, నీ మొహం! సరిగ్గా చూడు! ఇరాన్ వచ్చిందా?”

“అచ్చిందన్నా! మస్తుగ అచ్చింది! ఇగ కదిలియ్యకు!”

శుక్రవారం నమాజు అయి జనం ఇళ్ళకి చేరే వేళ. నయీమ్ ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. కుర్రాళ్ళు డాబాలెక్కి నినాదాలు అరుస్తారని ప్రభుత్వం కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్న రోజులు. అలాంటప్పుడు ఇద్దరు మగాళ్ళు మూడంతస్తుల ఎత్తున ‘ఇరాన్, ఇరాన్’ అని అరగంట సేపు పొలికేకలు పెట్టారంటే చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకోవాలి? ఆ ధ్యాసే లేదు మాకు. కిందికొచ్చి చూస్తే తెర మీద ఎవరో గడ్డం పెద్దమనిషి స్పష్టంగా మాట్లాడుతున్నాడు. బీబీ టీవీ పాతది, పాల్ ఒక్కటే పట్టేది, అందుకని బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంది. ఆవిడకి అదే పదివేలు. మా ఇద్దరికీ కుంకుమపువ్వు వేసిన టీ ఇచ్చింది.

మర్నాడు షాపుకి పోలీసు జీపు వచ్చింది. మల్లేశాన్ని అప్పటికే గ్యారేజీ నుంచి ఎక్కించుకొచ్చారు. జీపులో వాణ్ణి చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

స్టేషన్లో మమ్మల్ని అడిగిన అధికారికి ఉర్దూ వచ్చు, అది మా అదృష్టం. కొట్టలేదు, తిట్టలేదు. అదీ చెప్పాలి. కానీ ముఖంలో నవ్వన్నది లేదు.

“ఇరాన్ వచ్చిందని అరిచావట. ఎక్కడికి వచ్చింది? ఎవరితో వచ్చింది?” అని మల్లేశాన్ని అడిగాడు.

మల్లేశం చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. “సాబ్, ముందుగాల గింజలు గింజలు అచ్చింది. ఎన్క సాఫ్ అచ్చింది.”

వాడి హిందీలో ఆ మాట విని, గోడవారగా నిలబడ్డ పోలీసు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా దేశంలో యాంటెనా ఇలాగే పెడతామని, అరవకపోతే పని జరగదని, ఇది బొమ్మని అందుకునేదే గానీ ఇక్కడి నుంచి ఏమీ పంపేది కాదని చెప్పుకున్నాను. అధికారి నమ్మాడనే అనుకుంటాను. అయినా ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఊరుకోలేడు. జాసిం గారు వచ్చి పూచీ పడ్డాక తీర్పు చెప్పాడు.

“ఇవాళే వెళ్ళి దాన్ని పడమరకి తిప్పు. మళ్ళీ ఉత్తరానికి కనపడిందంటే మీ ఇద్దరి వీసాలు ఖలాస్.”

జాసిం గారే కారులో వెనక్కి తెచ్చాడు. షాపు దగ్గర దింపి “నాకు నలుగురు పిల్లలు సత్తీ” అన్నాడు. అంతే.

అక్కణ్ణుంచి బీబీ ఇంటికి వెళ్ళాను. చెప్పాను. ఆవిడ ఫార్సీలో తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“వారం పది రోజులు ఆగి తిప్పకూడదా నాయనా? బస్సులు వచ్చేది ఈ నెలలోనేనట” అంది.

“మమ్మల్ని పంపించేస్తారమ్మా.”

“అయితే తిప్పు. నీకోసం కూడా ఎవరో ఒకరు చూస్తుంటారు కదా.”

కోపమొచ్చి తిట్టినా భరించొచ్చు గానీ, ఇలా అంటే ఏం చెయ్యాలి? పైకెళ్ళి పట్టు బిగించే క్లాంప్ వదులు చేసి పైపుని పడమరకి తిప్పాను. ఈసారి అరవలేదు. అడగడానికి కింద ఎవరూ లేరు, సౌదీ వస్తుందని నాకు తెలుసు. ఏడుపు ఆపుకోలేక కాసేపు నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను.

ఫిర్యాదు ఎవరు చేశారో నయీమ్‌లో అందరికీ తెలుసు. బీబీ ఇంటికి దక్షిణం పక్కిల్లు అబూ ఖాలిద్‌ది. కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన అరబ్బు. ఒకప్పుడు బీబీ భర్తకీ ఆయనకీ మంచి స్నేహమట. రంజాన్‌లో హరీస్, అంటే గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించిన వంటకం, ఈ ఇంటి గిన్నె ఆ ఇంటికి, ఆ ఇంటి గిన్నె ఈ ఇంటికి వెళ్ళేదట. అల్లర్లు మొదలయ్యాక గిన్నెలు ఆగిపోయాయి. “మా పిల్లల్ని మా మీదికే ఉసిగొల్పుతోంది వాళ్ళు కాదా?” అని ఆయన టీ కొట్టు దగ్గర బాహాటంగానే అనేవాడు. వాళ్ళంటే ఇరాన్ వాళ్ళు. బీబీ కూడా ఆ లెక్కలోకే వచ్చేసింది.

అలాంటి మనిషి కొద్ది రోజుల తర్వాత ఒక చిన్న టీవీని చంకన పెట్టుకుని మా షాపుకి వచ్చాడు. జాసిం గారు బ్యాంకుకి వెళ్ళాడు, నేనొక్కణ్ణే ఉన్నాను.

“బొమ్మ సరిగ్గా రావడం లేదు” అన్నాడు.

ప్లగ్గు పెట్టి చూశాను. అద్దంలా వస్తోంది.

“ఇది బాగానే ఉంది బాబా.”

ఆయన కదల్లేదు. తెరవైపే చూస్తూ, “ఇందులో ఇరాన్ వస్తుందా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏం బాబా, ఈసారి నన్ను పంపించేసేదాకా నిద్రపట్టదా మీకు?” అన్నాను. ఆ దేశంలో అరబ్బుతో అలా మాట్లాడింది అదే మొదలు, అదే ఆఖరు.

ఆయనకి కోపం రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. ఆయన చెల్లెల్ని ఇరాక్‌లోని బస్రాలో ఇచ్చారు. ఆవిడ కొడుకు యూసుఫ్ ఇరాక్ సైన్యంలో ఉండి, ఆ యుద్ధంలోనే ఇరాన్ వాళ్ళకి పట్టుబడ్డాడు. ఇన్నేళ్ళూ లేడనే అనుకున్నారు. ఇప్పుడు విడుదలయ్యే ఇరాకీలు వేలల్లో ఉన్నారట, పేర్లు తెలియడం లేదట. వాళ్ళని సరిహద్దు దాటించడం చూపించేది ఎవరు? ఇరాన్ టీవీయే. ఇరాక్ స్టేషన్ ఇంత దూరం అందదు.

“చెల్లెలికి చూపు పోయింది. నువ్వైనా చూసి చెప్పు అన్నయ్యా అని కబురు పెట్టింది” అన్నాడు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. టీవీ సంగతి చెప్పాను. మీ సెట్టులో వస్తుంది, కానీ మీ డాబా మీద యాంటెనా పెట్టి లాభం లేదు. మీ ఇంటికి ఉత్తరాన అడ్డంగా బీబీ మూడంతస్తుల ఇల్లుంది. ఇరాన్ రావాలంటే ఆవిడ డాబా మీదికే రావాలి. వేరే దారి లేదు.

ఆయన టీవీని మళ్ళీ చంకన పెట్టుకున్నాడు. లేచి వెళ్తూ, “పోలీసులకి నేను చెబుతాను. నేనే కదా చెప్పింది” అన్నాడు.

చెప్పాడు కూడా. పొరబాటు పడ్డానని, ఆ యాంటెనాకి తనే పూచీ అని అదే అధికారి ముందు ఒప్పుకున్నాడట. జాసిం గారికి ఫోను వచ్చింది. ‘ఆ ముసలాయన చూసుకుంటానంటున్నాడు, మీ పనివాళ్ళు మాత్రం అరవకూడదు’ అని.

ఇక మిగిలింది బీబీ. అబూ ఖాలిద్ ఒక్కడూ వెళ్ళలేక నన్ను వెంటబెట్టుకున్నాడు. తలుపు తీసి ఆయన్ని చూసి బీబీ గడపకి అడ్డంగా నిలబడింది. ఆయన తల దించుకునే విషయమంతా చెప్పాడు. వాళ్ళు అరబ్బీలో మాట్లాడుకున్నారు గానీ, ఇన్నేళ్ళలో ఆ మాత్రం నాకు అర్థమవుతుంది.

అంతా విని బీబీ అంది: “నీ మేనల్లుడు నా మనవడి మీద కాల్చే ఉంటాడు.”

“నీ మనవడు నా మేనల్లుడి మీద కాల్చే ఉంటాడు” అన్నాడు ఆయన.

ఇక తలుపు ధడేలున పడుతుందనుకున్నాను. బీబీ కొంగుతో ముక్కు తుడుచుకుని పక్కకి జరిగింది.

“చెప్పులు అక్కడ విడిచి రా” అంది.

నేను ఆ రోజే యాంటెనాని మళ్ళీ ఉత్తరానికి తిప్పాను. కానీ షమాల్ లేచింది. రోజుల తరబడి ఒకటే దుమ్ము, ఒకటే హోరు. తెర మీద చుక్కలు తప్ప మరేమీ లేవు. బూస్టర్ పెట్టాను, అంటే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే చిన్న డబ్బా. చుక్కలే పెద్దవయ్యాయి. ఇద్దరు ముసలివాళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆ టీవీ ముందు ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చునేవాళ్ళు. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉండేది, సందులో పోయేవాళ్ళు చూసేలా. మాటపడకుండా అది ఆవిడ జాగ్రత్త.

రేడియోలో బస్సులు బయల్దేరాయని చెప్పిన రోజు మధ్యాహ్నం గాలి పడిపోయింది. చెమట ధారగా కారడం మొదలైంది. ఉక్కపోతకి అంత సంతోషించిన మనిషిని నేనే అయ్యుంటాను. డ్యూటీ వదిలేసి పరిగెత్తాను. మల్లేశానికి ఓవర్‌టైం, రాలేనన్నాడు. మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, కింద చూసి చెప్పేవాడు లేడు, పైగా నన్ను అరవద్దన్నారు.

“నువ్వు తిప్పు. నేను చెబుతాను” అన్నాడు అబూ ఖాలిద్.

గాలికి పైపు బాగా పక్కకి తిరిగిపోయింది. వదులు చేసి వేలి మందం చొప్పున తిప్పడం మొదలుపెట్టాను. నోరు మూసుకునే ఉన్నాను. కిందనుంచి చప్పుడు లేదు. ఇంకొంచెం తిప్పాను. ఏమీ లేదు. ఇంకాస్త.

అప్పుడు మెట్ల దారిలోంచి ఒక కేక లేచింది.

“అచ్చింది!”

నా చెవుల్ని నేను నమ్మలేదు. మల్లేశం గానీ వచ్చాడా అనుకున్నాను. కాదు, ముసలి గొంతు.

“అచ్చింది! సత్తీ! ఇరాన్ అచ్చింది!”

ఆ శుక్రవారం మా అరుపులన్నీ పక్క డాబా మీద నిలబడి విన్న మనిషి కదా. పోలీసులకి ఒప్పజెప్పిన ఆ మాటనే, మా జగిత్యాల మల్లేశం యాసతో సహా, ఇప్పుడు ఆయనే నయీమ్ అంతా వినపడేలా అరుస్తున్నాడు. చుట్టుపక్కల డాబాల మీద తలలు లేచాయి. ఒక్కరూ ఏమీ అనలేదు. నాకు నవ్వు ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళూ ఆగలేదు. అలాగే క్లాంప్ బిగించి కిందికి దూకుతున్నట్టు వచ్చాను.

తెర మీద నలుపు తెలుపుల్లో బస్సులు. మనుషులు వరసగా దిగుతున్నారు. అందరూ ఒకలాగే ఉన్నారు, బక్కచిక్కి, నెరిసిన జుట్టుతో, ఒకే రకం బట్టల్లో. ముప్పయ్యేళ్ళవాడు కూడా అరవయ్యేళ్ళవాడిలా ఉన్నాడు. ముందు ఇరాన్ నుంచి వెళ్ళే ఇరాకీలు, తర్వాత ఇరాక్ నుంచి వచ్చే ఇరానీలు. వెళ్ళేవాళ్ళు నడుస్తూనే ఉన్నారు, ఎంతకీ తరగని వరస. అబూ ఖాలిద్ మోకాళ్ళ మీద తెర దగ్గరికి జరిగాడు. బీబీ ఆయన పక్కకే వచ్చేసింది. మూలలు లేవిక.

“ఆగు” అన్నాడు ఆయన, టీవీ వింటుందన్నట్టు. “ఆ ఎడం కాలు ఈడ్చేవాడు… చిన్నప్పుడు ఖర్జూరం చెట్టు మీంచి పడ్డాడు వాడు… యూసుఫ్! యూసుఫ్!”

అరక్షణం. ఆ మనిషి తెర దాటిపోయాడు. అబూ ఖాలిద్ నేల మీద నుదురు ఆన్చి అలాగే ఉండిపోయాడు. బీబీ ఆయన వీపు మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

తర్వాత ఇరానీ ఖైదీలు వచ్చారు. వాళ్ళు వందల్లోనే. బీబీ ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. ఫొటో ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడు అబూ ఖాలిద్ కూడా లేచి కూర్చుని చెవులు చూస్తున్నాడు. “ఇతనా?” అంటాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. “పోనీ ఇతను?” మళ్ళీ అడ్డంగానే. ఆఖరి బస్సు ఖాళీ అయింది. ఎవరో మైకు ముందు మాట్లాడటం మొదలుపెట్టారు. బీబీ చెయ్యి చాపి గొంతు తగ్గించింది, బొమ్మ మాత్రం ఆపలేదు.

ఒళ్ళోని ఫొటో సర్దుకుంటూ ఆవిడ అంది.

“నీవాడు వచ్చాడు కదా, ఇక యాంటెనా ఎందుకని విప్పించేయకు. ఇంకా బస్సులు వస్తాయి.”

“నేనెందుకు విప్పిస్తాను!” అన్నాడు అబూ ఖాలిద్, దెబ్బతిన్నట్టుగా.

బస్రా నుంచి తర్వాత కబురొచ్చింది, ఆ కాలు ఈడ్చిన మనిషి యూసుఫేనని. ఆ రోజు అబూ ఖాలిద్ ఇంటి నుంచి బీబీ ఇంటికి హరీస్ గిన్నె వెళ్ళింది. బీబీ గిన్నె ఖాళీగా తిప్పి పంపలేదు. సంగతంతా మల్లేశానికి చెప్పాను. “గా ముసలామె మనుమడు రాకపాయె గద సత్తన్నా. గంత ఒర్రినం, ఆమెకే అక్కరకు రాకపాయె” అన్నాడు.

తర్వాత కూడా రెండు దేశాలూ అప్పుడప్పుడూ కొద్దికొద్దిమందిని వదులుతూనే ఉన్నాయి. నేనున్నంత కాలం మజీద్ రాలేదు. షమాల్ వచ్చినప్పుడల్లా ఆ పైపు తిరిగిపోయేది. స్టే వైరు కట్టాల్సిందేనన్నాను. అంటే పైపు గాలికి తిరగకుండా పక్కలకి లాగి కట్టే తీగ. మూడు వైపులా బీబీ డాబాలోనే చోటు దొరికింది. నాలుగోవైపు దొరకలేదు. అబూ ఖాలిద్ తన డాబా పిట్టగోడకి తనే కొక్కెం కొట్టించి, తీగని తన ఇంటికి కట్టించాడు. నేను బహ్రెయిన్ వదిలి వచ్చేనాటికి అది అలాగే ఉంది. ఒక ఇంటి యాంటెనా, ఇంకో ఇంటి గోడ పట్టుకుని, ఉత్తరానికి తిరిగి.

ఇంటికొచ్చాక కూడా ఇదే పనిలో ఉన్నాను. గల్ఫులో మొదట్లో ఎవరింటికి వెళ్ళినా “ఏ దేశం కావాలి?” అనో “ఏ ఛానెల్ కావాలి?” అనో అడిగేవాణ్ణి. బీబీ ఇంటి తర్వాత ఆ ప్రశ్న మార్చేశాను. “ఎవరిని చూడాలి?” అని అడుగుతాను. ఇదేం అడగడమని చాలామంది నవ్వుతారు, సీరియలో, క్రికెట్టో చెబుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం నవ్వకుండా, జవాబు చెప్పే ముందు గోడ మీద ఫొటో వైపు చూస్తారు. వాళ్ళ యాంటెనాకి స్టే వైరు వాళ్ళు అడక్కుండానే కడతాను.